పూరీ గేట్‌లో అమెరికా నవలాకారుడి సెండాఫ్

లాయిడ్ హెన్సెల్ అనే అమెరికా నవలాకారుణ్ణి రిటైర్ చేసింది ఖరగ్‌పూర్ పూరీ గేట్ తెలుగు రీడింగ్ రూమ్ వాళ్లం. గొప్పకు చెప్పడం లేదు. నా మాటలు పదింట్లో ఆరు గాలి కబుర్లని మా ఆవిడ హైమవతి ఏనాడో తేల్చేసింది గానీ, ఈ సంగతి మిగిలిన నాలుగింట్లోది.

నేను రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్లు ఫిట్టర్‌గా చేసి దిగిపోయినవాణ్ణి. చదువు పలాస అవతల పల్లెబడిలో ఎనిమిది దాకా. అయినా షాపులో తెలుగువాడు ఎవడు రిటైరైనా, సెండాఫ్ సభలో వాడి సర్వీసు మొత్తం చదివి వినిపించే పని నాదే. నూట నలభై మందిని అలా సాగనంపాను. అందులో ఇద్దరు నా మాటలు విని, ఇంత మంచివాణ్ణి నేను ఎందుకు దిగిపోవాలని ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నారు.

ప్రణవి అని కరీంనగర్ పిల్ల ఒకతె ఉంది. ఇక్కడి పెద్ద ఇంజినీరింగ్ కాలేజీలో నవలల మీద పరిశోధన చేస్తోంది. ఇంజన్లు చదివే చోట నవలలేమిటని నేను ఆటపట్టిస్తే, ఇంజన్లు చేసిన చోట మీరు కథలు చెప్పలేదా అంటుంది. హాస్టల్ కూడు పడక ఆదివారాలు ఝపటాపూర్‌లోని మా ఇంటికి భోజనానికి వస్తుంది. హెన్సెల్ మా ఊళ్లో ఉన్న ఆదివారం పప్పుచారు ముందు పెట్టుకుని ముద్ద కలపకుండా కూర్చుంది.

ఆమె పరిశోధనంతా ఈ హెన్సెల్ మీదే. ఆయన ఏడు నవలలు రాశాడు. తరవాత తొమ్మిదేళ్లుగా ఒక్క వాక్యం రాయలేదు. ఎందుకు మానేశాడో ఎవరు అడిగినా చెప్పడు, అడిగినవాళ్ల మీద విసుక్కుంటాడు. ప్రణవికి మిగిలింది ఆ ఒక్క అధ్యాయమే. అది లేకపోతే గైడు సంతకం పెట్టనన్నాడు, మార్చితో ఆమె గడువు అయిపోతుంది. ఆయన ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చి రెండు రోజులుగా క్యాంపస్‌లోనే ఉన్నాడు. ప్రణవి అడగనే అడిగింది. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

"తాతా, రేపు సాయంత్రం ఒక్కటే ఉంది. ఊరు చూపిస్తనని చెప్పి మీ రీడింగ్ రూమ్‌కు తోలుకొస్త. ఆయన జీవితం గురించి మీరు రెండు మాటలు మంచిగ చెప్పుండ్రి. మనసు మెత్తబడితే ఏమన్న చెప్తడేమో" అంది, నాలుగు కాగితాలు నా చేతిలో పెట్టి.

అక్కడే తప్పు జరిగింది. తప్పు నాది అని హైమవతి, బుజ్జిబాబుది అని నేను. బుజ్జిబాబు మా రీడింగ్ రూమ్ సెక్రటరీ. సంగతి చెప్పగానే వయసెంత అని అడిగాడు. అరవై తొమ్మిది అన్నాను.

"పని సేస్తన్నాడేటి?"

"తొమ్మిదేళ్ల బట్టి లేదట."

"మరింకేటి, సెప్పు" అని అప్పటికప్పుడు గోల్‌బజార్ వెళ్లి బంతిపూల దండ, శాలువా, గొడుగు, గోడ గడియారం తెచ్చేశాడు. నాకూ ఏమీ తేడాగా తోచలేదు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి వాడి జీవితం చదవడమంటే మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. రీడింగ్ రూమ్‌కు ఉన్న బ్యానరూ ఒక్కటే. దాని మీద పదవీ విరమణ అభినందనలు అని ఉంటుంది, కింద పేరు అతికించుకోవడానికి ఖాళీ ఉంటుంది. అతికించేశాం.

మర్నాడు సాయంత్రం ప్రణవి ఆయన్ని రిక్షాలో తెచ్చింది. పొడుగ్గా, ఎండిన తోటకూర కాడలాగా ఉన్నాడు. గుమ్మంలో ఆ పిల్ల బ్యానర్ చూసి ఆగిపోయింది. నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆయనకు తెలుగు రాదు కదా అని నేను సైగ చేశాను. అరవై మంది జనం లేచి నిలబడ్డారు. వెనక్కి తిరగడానికి లేదు.

నేను మొదలుపెట్టాను. శ్రీ లాయిడ్ హెన్సెల్, తండ్రి బస్సుల మెకానిక్కు, స్వస్థలం ఒహాయో. పంతొమ్మిదో ఏట బూట్ల ఫ్యాక్టరీలో ఖలాసీగా చేరారు. మొదటి నవల పదిహేడు ప్రచురణ సంస్థలు తిరిగి ఇంటికే వచ్చింది, అంటే పదిహేడు సార్లు ట్రేడ్ టెస్టు తప్పారు. ఇరవై తొమ్మిదో ఏట పాసై నవలాకారుడిగా పర్మనెంటయ్యారు. నలభై ఒకటో ఏట నాలుగో నవలకు వాళ్ల దేశంలో పెద్ద బహుమతి వచ్చింది. బస్సు డ్రైవరు పెళ్లాం కథ అది. ఆఖరి అధ్యాయంలో ఆవిడ ఖాళీ బస్సు తనే నడుపుకుంటూ ఊరు దాటిపోతుంది. అది చదివి మన సాలువా పోలీసు క్యాంపులో ఒక హవల్దారు వెక్కి వెక్కి ఏడ్చాడు. (ఇది నేను కలిపాను. ప్రణవి దీన్ని అనువాదం చెయ్యలేదు.) రెండు పెళ్లిళ్లు, రెండు చోట్ల నుంచీ ట్రాన్స్‌ఫర్. ఐదో నవల మీద విమర్శకులు ఛార్జిషీటు ఇచ్చారు గానీ నేరం రుజువు కాలేదు. మొత్తం సర్వీసులో ఏడు నవలలు, ఒక్క ప్రమాదమూ లేదు.

జనం చప్పట్లు కొట్టారు. ప్రణవి పక్కన కూర్చుని ఆయన చెవిలో మంచి మంచి ముక్కలే చెబుతోంది. ఆయన మొహం కొంచెం విచ్చుకుంది. ఈ గండం గడిచిందని నేను అనుకునేలోగా బుజ్జిబాబు దండ వేసి, గొడుగు చేతికిచ్చి, ఆయన చెయ్యి గట్టిగా ఊపుతూ తనకొచ్చిన ఇంగ్లీషు అనేశాడు.

"హ్యాపీ రిటైర్డ్ లైఫ్, సార్."

హెన్సెల్ గొడుగు చూశాడు. గడియారం చూశాడు. బ్యానర్ వైపు వేలు చూపించి, అక్కడ ఏం రాసి ఉందని ప్రణవిని అడిగాడు. ఆ పిల్ల అబద్ధం ఆడలేదు. చెప్పేసింది. చెప్పి, తన అధ్యాయానికి నీళ్లు వదిలేసుకున్నట్టు తల వంచుకుని కూర్చుంది.

ఆయన గొడుగును కుర్చీకి ఆనించాడు. తరవాత అడిగింది నన్ను. ఇక్కడ రిటైరయ్యేవాడు తరవాత ఏం చెయ్యాలి అని.

ఉన్నది చెప్పాను. మా షాపులో ఒక ఆచారం ఉంది. మిఠాయి పంచే ముందు రిటైరయ్యేవాడు లేచి, సర్వీసులో తాను పాడుచేసిన పని ఒకటి, దాన్ని కప్పిపుచ్చి తనను కాపాడిన మనిషి పేరు ఒకటి చెప్పాలి. నా వంతుకు నేనూ చెప్పాను. ఒక బుష్‌ను, అంటే ఇరుసుకు తొడిగే గొట్టాన్ని, కొలత తప్పి అరగదీసేస్తే, ఇన్‌స్పెక్టర్ టీ తాగి వచ్చేలోగా నా పక్క బెంచీ ఫిట్టర్ జ్ఞానరత్నం వేరేది చేసి దాని స్థానంలో పెట్టాడు. పదకొండేళ్లు నాతో ఆ మాట అననే లేదు. అలా చెప్పుకున్నాక ఇక ఎవరూ వేలెత్తి చూపరు. ఆ మాట షెడ్డు గేటు దాటి బయటికీ పోదు.

ప్రణవి ఇదంతా ఇంగ్లీషులో చెప్పింది. హెన్సెల్ లేచాడు. మెడలో దండ తియ్యలేదు.

ఆయన చెప్పినది, ప్రణవి ఆగి ఆగి తెలుగులో చెప్పినది ఇది. బహుమతి వచ్చిన ఆ నాలుగో నవలను ఆయన చేత్తో రాసి, డొరతీ అనే టైపిస్టుకు ఇచ్చాడు. ఆవిడ ఆఖరి అధ్యాయం ముప్పై ఒక్క పేజీలు ఇంటికి తీసుకుపోతూ బస్సులో మరిచిపోయింది. పక్కనే పెట్టుకున్న క్యాబేజీ దొరికింది గానీ కాగితాలు దొరకలేదు. ఉన్నది ఆ ఒక్క ప్రతే. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆదివారం తలుపు వేసుకుని ఆ అధ్యాయం తనే రాసి, టైపు చేసి ఇచ్చేసింది.

"నేను రాసిన దాంట్లో బస్సూ లేదు, ఏమీ లేదు. ఆ డ్రైవరు పెళ్లాం న్యుమోనియాతో చచ్చిపోతుంది" అన్నాడట.

మరి తేడా తెలియలేదా అని బుజ్జిబాబు అడిగాడు. అరవై మందికీ అదే అనుమానం.

ఆ రోజుల్లో ఆయన తాగుతూ రాసేవాడట. చంపుదామని కూర్చోవడం గుర్తుంది, బతికించినట్టు గుర్తు లేదు. కాగితం మీద మనిషి నిక్షేపంలా బతికి ఉంది. సరే, తానే జాలిపడి ఉంటానని అనుకున్నాడు. చదువుకుని తన మీద తనకే గౌరవం పెరిగిందట. ఆ అధ్యాయం రాస్తూ కన్నీళ్లు పెట్టుకున్నానని పేపరు వాళ్లకు కూడా చెప్పాడు. బహుమతి వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట డొరతీ టైపు పని మానేస్తూ, వెళ్లే ముందు ఉన్న మాట చెప్పి వెళ్లింది. మొదట కోపంతో ఊగిపోయాడు. తరవాత మళ్లీ తీసి చదివాడు. బాగుంది. తన ఏడు నవలల్లో అంత బాగున్న అధ్యాయం ఇంకొకటి లేదు. అప్పటి నుంచి ఏది మొదలుపెట్టినా ముగింపు దగ్గరికొచ్చేసరికి చెయ్యి కదలదు.

ఆ డొరతీనే మళ్లీ రాసిపెట్టమని అడగవలసింది కదా అని ఆడవాళ్ల వరసలోంచి హైమవతి అడిగింది. ఆయన దండలోని ఒక పువ్వు తుంచుతూ, సిగ్గేసిందన్నాడు.

మా వాళ్లు చప్పట్లు కొట్టలేదు. అలాంటప్పుడు మా దగ్గర కొట్టరు. ఒక్కొక్కరే వెళ్లి ఆయన భుజం తట్టి వచ్చారు. రసగుల్లాలు పంచారు. ఆయన నాలుగు తిన్నాడు.

నేను ప్రణవి కోసం చూశాను. వెనక బెంచీ మీద ఒక్కతే కూర్చుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది.

"ఏటే అమ్మా, దొరికింది గదా నీకు కావాల్సింది" అన్నాను.

"దొరికింది తాతా. ఆ ఆఖరి అధ్యాయం ఆయన వాళ్లమ్మ జీవితం నుంచే వచ్చిందని నూట పది పేజీలు రాసిన్నేను. అవన్నీ చింపాలె. ఈ కొత్త సంగతి రాద్దామంటే గేటు దాటొద్దని మీరే అంటిరి."

ఆ మాట నేను అన్నదే. నూట నలభై మంది నోటి నుంచి విన్న రహస్యాలు నా పొట్టలో ఉన్నాయి, ఒక్కటీ బయట పెట్టలేదు. ఇవాళ ఈ పిల్ల కోసం ఆచారం తీసి పక్కన పెడితే, రేపు వాళ్ల పెళ్లాల మొహం ఎలా చూడను? కానీ మార్చి నెల కూడా నా కళ్ల ముందే ఉంది.

అప్పుడు తట్టింది. షెడ్డులోంచి అసలు ఏ వస్తువూ బయటికి పోదని కాదు. గేట్ పాస్ ఉంటే పోతుంది. ఏ వస్తువు, ఎన్ని, ఏ స్థితిలో ఉంది, ఎవరు పట్టుకెళ్తున్నారు, తిరిగి తెస్తారా తేరా అని రాసి, ఆ వస్తువు ఎవరి పూచీలో ఉందో ఆయన సంతకం పెడితే గేటు దగ్గర ఎవడూ ఆపడు. మరి ఈ మాట హెన్సెల్ పూచీలోది.

హాజరు రిజిస్టర్‌లోంచి కాగితం చింపి గళ్లు గీశాను. ప్రణవి దాన్ని ఆయన ముందు పెట్టి, ఇది మీరు రాస్తే నేను రాస్తాను, రాయకపోతే రాయను అని చెప్పింది. బతిమాలలేదు.

హెన్సెల్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వస్తువు అన్న చోట, నిజం అని రాశాడు. ఎన్ని అన్న చోట, ఒకటి. స్థితి దగ్గర కాస్త ఆలోచించి, వాడినదే గానీ పనికొస్తుంది అని రాశాడు. పట్టుకెళ్లేవారు ప్రణవి. తిరిగి తేవాలా అన్న గడి దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. ముగింపు దగ్గర ఆగడం ఆయనకు అలవాటే కదా అని నేను ఊరుకున్నాను. చివరికి, తేవాలి అని రాసి, ఎవరికి అన్న చోట డొరతీ పేరు, ఊరు, వీధి నంబరు అన్నీ రాసి సంతకం పెట్టాడు. ముందు ఆవిడ చదవాలి, తరవాతే గైడుకు ఇవ్వాలి. అదీ షరతు.

ప్రణవి రెండు నెలలు మా ఇంటి వైపు రాలేదు. నూట పది పేజీలు తీసేసింది, అధ్యాయం రాసి పోస్టులో పంపింది. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం కవరుతో వచ్చింది. డొరతీకి ఎనభై ఒక్క ఏళ్లు. అక్షర దోషాలన్నీ ఎర్ర సిరాతో దిద్ది పంపింది. చివరి రెండు పేరాలు మాత్రం అడ్డంగా కొట్టేసి, వాటి చోట తనే వేరే రెండు పేరాలు టైపు చేసి అతికించింది. హైమవతి వాటిని తెలుగులో చెప్పించుకుని, ఇంకోసారి చెప్పమంది.

గైడు అధ్యాయం చదివి బాగుందన్నాడు. ముఖ్యంగా ముగింపు బాగుందని, ఇన్నాళ్లకు ప్రణవికి రాయడం పట్టుబడిందని మెచ్చుకున్నాడు. ప్రణవి ఆ రెండు పేరాల కింద డొరతీ పేరు రాసి ఇచ్చింది. థీసిస్‌లో రెండో మనిషి రాత ఉండకూడదని ఆయన ఆ పేరు కొట్టేశాడు. ఆమె మళ్లీ రాసింది. ఆయన మళ్లీ కొట్టేశాడు. గడువుకు ఇంకా మూడు రోజులుండగా, మూడోసారి రాసి, కింద గేట్ పాస్ నకలు అంటించి పట్టుకెళ్లింది.

ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏ యూనివర్సిటీ ఫారమ్ అని అడిగాడట. ప్రణవి రైల్వేది అని చెప్పింది. ఆయన ఈసారి పేరు కొట్టెయ్యకుండా సంతకం పెట్టాడు.