మూడో మంచం దుప్పటి

ఆయా ఉదయం ఆరున్నరకి డ్యూటీ ఎక్కుతుంది. ముందు బెడ్‌పాన్లు, తర్వాత ఒళ్లు తుడవడం, ఆ తర్వాత దుప్పట్లు. పన్నెండు మంచాలకీ పన్నెండు మార్చి, మూట కట్టి, తొమ్మిదింటికల్లా లాండ్రీ బండికి అందించాలి. ఒకటి తగ్గినా హెడ్ నర్సు ఊరుకోదు.

"మూడో మంచానిది విడిగా కట్టు చెల్లెమ్మా," అన్నాడు లాండ్రీ అతను ఒక సోమవారం. "మామూలు సబ్బుకి లొంగట్లేదు. ఆవిడ మరీ ఎక్కువ మాట్లాడుతోంది."

మూడో మంచం మీద ఉన్నది కత్తెరమ్మ. బట్టల ఫ్యాక్టరీలో నమూనాలు కత్తిరించడానికి ముప్పై ఏళ్ల కిందట కొరియా నుంచి వచ్చిన మనిషి. పక్షవాతం వచ్చి, ఇక్కడికొచ్చాక నేర్చుకున్న భాషంతా పోయింది, గొంతూ పోయింది. సొంత భాష మిగిలింది. పెదాలు కదిలినప్పుడల్లా గడ్డం మీంచి చిన్న చిన్న నల్లటి అక్షరాలు రాలి, దుప్పటి మీద పరుచుకునేవి. డాక్టరు 'అక్షరాలు రాలుతున్నాయి, జ్వరం లేదు' అని రాసి నాలుగో మంచానికి వెళ్లేవాడు.

వచ్చే వారం శుక్రవారం కూతురొస్తుంది. ఆ రోజు కత్తెరమ్మని ఇంటికి పంపాలో, ఊరవతల సంరక్షణ కేంద్రానికి పంపాలో తేలిపోవాలి.

"రోగి ఇష్టం తెలిస్తే అదే రాస్తాం. తెలియకపోతే కూతురి ఇష్టం," అంది హెడ్ నర్సు.

ఆవిడ ఇష్టం రోజూ దుప్పటి మీదే ఉంటోంది. రోజూ తొమ్మిదింటికి సబ్బునీళ్లలోకి పోతోంది. ఆయాకి అది మింగుడు పడలేదు. కాగితం మీదికి ఎత్తి రాస్తే అక్షరాలు తడి ఆరినట్టు మాయమయ్యేవి. ఫోన్‌లో ఫొటో తీస్తే దుప్పటి తెల్లగా పడేది. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"కొరియా సీరియళ్లు పొద్దస్తమానం చూస్తావుగా. కాస్త చదివిపెట్టవే."

"నేను చూసేది హీరోని అక్కా, అక్షరాల్ని కాదు. నాకొచ్చినవి రెండే మాటలు. ఒకటి 'అన్నయ్యా', రెండోది 'ప్రేమిస్తున్నాను'."

"ఈవిడ ఆ ముక్కే అంటోందేమో?"

"దుప్పటి నిండానా!"

అయినా ఆ అమ్మాయి అక్షరాల పట్టిక ఒకటి ప్రింటు తీసిచ్చింది. ఫోన్‌లో పాఠం పెట్టి వినిపించింది. ఆయా ఆ పట్టికని దుప్పట్ల బీరువా తలుపు లోపలివైపు అంటించుకుంది. తలుపు తీసిన ప్రతిసారీ రెండు అక్షరాలు. కిందికి విరిగిన గీత 'క'. నాలుక కొస పై పళ్లకి ఆనినప్పుడు ఎలా ఉంటుందో అలా గీస్తే 'న'. చతురస్రం 'మ'. గుండ్రం మాత్రం పైన కూర్చుంటే నోరెత్తదు, కింద కూర్చుంటే ముక్కులో మోగుతుంది. "ఇది మన సున్నాకి చుట్టమే," అని మురిసిపోయింది ఆయా. ఆ మురిపెం ఒక్క పూటే. పడుకోబెట్టిన గీత దగ్గర పళ్లు బిగించి, మూతి ముందుకి రాకుండా 'ఉ' అనాలట. ఎన్నిసార్లు అద్దంలో చూసుకున్నా మూతి ముందుకే వచ్చింది. ఇక మాట చివర కింద చేరిన అక్షరాన్ని నోరు దాటనివ్వకూడదు. ఆయా నోరు మాటల్ని అలా బిగించి ఎరగదు. ప్రతిదాని వెనకా ఒక 'ఉ' వచ్చి పడేది.

"తోక కోసెయ్యక్కా," అనేది రిసెప్షన్ అమ్మాయి.

"నోట్లో కత్తెర పెట్టమంటావా ఏమిటే?"

ఏడు రోజులు పట్టింది. ఎనిమిదో రోజు ఉదయం, మళ్లీ సోమవారం, ఆయా దుప్పటి మీద ఒక మాటని కూడబలుక్కుని పైకి చదివింది. ఆ మాట దుప్పటి మీంచి మాయమైంది. ఇంకోటి చదివింది, అదీ పోయింది. తిరిగి కత్తెరమ్మకే చేరుతున్నాయనుకుంది. నాలుక కింద ఏదో బరువుగా అనిపించింది గానీ, వారం రోజుల తిప్పలకి నోరు వాచిందనుకుని ఊరుకుంది.

చదవడం వచ్చింది. అర్థం ఒక్క ముక్క రాలేదు. తను పలికింది ఫోన్‌కి వినిపిస్తే, దయచేసి మళ్లీ చెప్పండి అంది ఫోను. పైగా తీరిక లేదు. దుప్పటిని పాదాల వైపు నుంచి మడుస్తూ రావడం ఆసుపత్రి పద్ధతి. పద్దెనిమిదేళ్లుగా చేతులకి అదే అలవాటు. చదవడమూ అటునుంచే మొదలయ్యేది. దిండు దగ్గరికి చేరేసరికి తొమ్మిదయ్యేది.

"ఏం చెల్లెమ్మా, పరీక్షకి కూర్చున్నావా?"

"ఒక్క వరస అన్నా. ఒక్క వరస."

"నీ వరసల కోసం బాయిలర్ ఆగదు," అంటూ మూట లాక్కునేవాడు. కత్తెరమ్మ ఆ మూటనే చూస్తూ ఉండేది.

శుక్రవారం ఉదయం దుప్పటి తెల్లగా ఉంది. కత్తెరమ్మ పెదాలు కదులుతున్నాయి, రాలడానికి ఏమీ మిగల్లేదు.

పదింటికి కూతురొచ్చింది. వెంట కొత్త చక్రాల కుర్చీ, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. "ఇంటికి తీసుకెళ్లిపోతానండీ," అంది హెడ్ నర్సుతో. ఆయా వైపు తిరిగి, "అమ్మ ఏమైనా అనేదా?" అని అడిగింది.

తెలియదమ్మా అందామని ఆయా నోరు తెరిచింది. అందులోంచి కత్తెరమ్మ గొంతు వచ్చింది. కొంచెం బొంగురుగా, తొందర లేకుండా, నాలుగు రోజుల మాటలూ ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. హెడ్ నర్సు మాత్రలు లెక్కపెడుతూనే వింది. కూతురు మంచం అంచున కూలబడింది. గొంతు ఉన్నట్టుండి ఆగింది. ఆయా నోరు తేలికైంది.

"ఏమందమ్మా?" అని ఆయానే అడిగింది.

"మా ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. నీ నడుం ఇప్పటికే బాగాలేదు, నన్ను మోసుకుంటూ ఎన్నాళ్లు తిరుగుతావు, ఆ కేంద్రానికే పంపించెయ్ అంది." కూతురు ఆయా మోచెయ్యి పట్టుకుంది. "'కానీ' అని ఆగిపోయింది. 'కానీ' అన్నాక ఏమంది?"

ఆయా నాలుకతో నోరంతా వెతికింది.

"అది దిండు వైపుదమ్మా. నేను అక్కడిదాకా రాలేదు."

"రోగి ఇష్టం తెలిసింది కదా," అని హెడ్ నర్సు డిశ్చార్జి ఫారమూ కలమూ తీసింది.

"'కానీ' అందండీ! మీరూ విన్నారు కదా!"

"విన్నానమ్మా. ఇంటికి, కేంద్రానికి, ఈ రెండే గడులున్నాయి ఇందులో. 'కానీ'కి గడి లేదు." ఆవిడ గొంతులో కాఠిన్యమేమీ లేదు. రెండో గడిలో టిక్కు పెట్టింది.

నాలుగింటికి కేంద్రం బండి వచ్చింది. కత్తెరమ్మ స్ట్రెచర్‌ని వరండా పొడుగునా ఆయానే తోసింది, కళ్లు దుప్పటి మీంచి తిప్పకుండా. ఒక్క అక్షరం రాలినా చదవగలదు ఇప్పుడు. వెనకాల కూతురు ఖాళీ కుర్చీ తోసుకుంటూ వచ్చింది. బండి తలుపులు మూసేదాకా కత్తెరమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి.