ఇంపార్టెంట్ కాని ప్రశ్న

బోరబండలో మా హైస్కూలు చిన్నది. పదో తరగతిలో పదిహేడు మందే. వాళ్లకు ఫిజిక్స్ చెప్పేది నేను. ఏ పాఠం మొదలుపెట్టినా పిల్లలు అడిగేది ఒకటే: ఇది ఇంపార్టెంటా టీచర్? అవునంటే పుస్తకంలో చుక్క పెట్టుకుంటారు, కాదంటే పేజీ తిప్పేస్తారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. జనవరిలో విసిగిపోయి, ఇక ఎవరికీ ఇంపార్టెంట్లు చెప్పేది లేదని తేల్చేశాను. ఫలితాలు పడిపోతే ఎవరు జవాబు చెప్పాలని హెడ్మాస్టర్ లక్ష్మీనారాయణ గారు తల పట్టుకున్నారు. నేనే చెబుతానన్నాను.

వారం తిరక్కుండానే పింకీ బడి మానేసింది. అందరికంటే ఎక్కువ చుక్కలు పెట్టుకునే పిల్ల. అవన్నీ బట్టీ పట్టి కూడా అర్ధ సంవత్సర పరీక్షలో ఫిజిక్స్ తప్పింది. ఇప్పుడు ఆ చుక్కలూ లేకపోతే పాసయ్యేది కల్ల అనుకుంది. వాళ్లమ్మ యాదమ్మ హైటెక్ సిటీలో ఒక అద్దాల ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. కూతురు కూడా ఆమెతో పనికి పోతోందని తెలిసి నాకు భయం వేసింది. తప్పు నాదే. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను.

పింకీ తలెత్తలేదు. "బుర్రకెక్కుతలేదు టీచర్. ఇగ నాతోని కాదు."

అరగంట నచ్చజెప్పాను. మెత్తబడలేదు. సరే, రేపు మళ్లీ వస్తానని లేచాను. అప్పుడు ఆ పిల్లే గుమ్మం దాకా వచ్చి, కాస్త సందేహిస్తూ అడిగింది.

"టీచర్, పగటిపూట బయట నిలబడి ఆ ఆఫీసు అద్దంల చూస్తే మన మొకమే కనబడ్తది. పొద్దుగూకినంక లోపటోళ్లు కనబడ్తరు. అద్దం అదే కదా. ఎందుకట్ల?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. బిగబట్టుకున్నాను.

"చెప్పను. రేపు బడికొచ్చి నువ్వే కనుక్కో."

మర్నాడు యాదమ్మ పనికి ఒక్కతే పోయింది. పింకీ చెప్పుల డబ్బా ఒకటి చంకన పెట్టుకుని బడికి వచ్చింది. డబ్బాకు ఒక పక్క కోసి, పాత ఫొటో ఫ్రేము అద్దం అతికించింది. లోపల ఒక సుద్దముక్క నిలబెట్టి, దాని మీద వెలుగు పడేలా టార్చి పెట్టింది. మొదటి అద్దం పగిలింది. టార్చి వెలుగు చాల్లేదు. మూడు రోజులు మధ్యాహ్నం అన్నం కూడా గబగబా తినేసి దానితోనే కుస్తీ పట్టింది. నాలుగో రోజు తరగతి ముందు నిలబడింది. టార్చి ఆర్పితే అద్దంలో మా ముఖాలు, వెలిగిస్తే సుద్దముక్క.

"అద్దం ఎప్పుడూ రెండు పనులూ చేస్తది. కొంత వెలుగును వెనక్కి పంపుతది, కొంత వెలుగును తనలకెళ్లి అవతలికి పోనిస్తది. ఏ దిక్కు వెలుగు ఎక్కువుంటే ఆ దిక్కుదే మనకు కనబడ్తది."

నా కళ్లు చెమర్చాయి. పరీక్షకు ఇంకా ఏడు వారాలున్నాయి, ఈ పిల్లను పాస్ చేయించకుండా వదలనని అక్కడే అనుకున్నాను. ఇంతలో వెనక బెంచీలోంచి ఓంకార్ పెన్ను పట్టుకుని, అలవాటు చొప్పున అడిగాడు, ఇది ఇంపార్టెంటా అని.

నేను నోరు తెరిచేలోపే పింకీ అటు తిరిగింది.

"కాదు. రాస్కో."