ఇంట్లోకొచ్చిన బండి తలుపు

పికప్ బండి వెనక తలుపు ఇంట్లోకి వచ్చి ఆ రోజుకి పదకొండు రోజులు. ఎంత మొండి చుట్టమైనా మూడో రోజుకి ఇంటివాళ్ల మొహాలు చూసి సంచీ సర్దుకుంటాడు. ఇది అలా కదిలే రకం కాదు.

ఉన్నదే ఒక గది, ఒక వంటసందు. గదిలో మంచం, బీరువా, పాప ఉయ్యాల పోగా ఖాళీగా మిగిలిన గోడ ఒక్కటే. ఆ గోడకి అయిదడుగుల పొడవు, నలభై కిలోల బరువు ఉన్న ఇనప తలుపు జారగిలబడి నిలబడింది. కింద అంచున తుప్పు, నడుమ నల్లటి పిడి. పది నెలల పాపకి ఇంట్లో ఉన్న గిలక్కాయలూ రబ్బరు బాతూ ఏవీ కంటికి ఆనవు. ఆ పిడే కావాలి.

"బయట పెట్టకూడదా అండీ?" అని చిన్ని మొదటి రోజే మొగుణ్ణి అడిగింది.

"బయట పెడితే తెల్లారేసరికి పాత ఇనపోడి తక్కెట్లో ఉంటుంది."

"పోనీ బండికే పెట్టేయండి. అది పుట్టిందే దాని కోసం కదా."

"నీకు చెప్పినా అర్థం కాదే. అది గాలి సంగతి."

ఈ గాలి సంగతి మొగుడికి ఎక్కించింది వాళ్ల అక్క మొగుడు. బళ్లకి సీటు కవర్లు కుట్టే కొట్టు ఆయనది. బండిలో కూర్చునే చోటు గురించి తప్ప ఆయనకేమీ తెలియకపోయినా, మిగతా భాగాలన్నిటి గురించీ ఆయనకో అభిప్రాయం ఉంటుంది. అందుకే చిన్ని ఆయనకి మనసులో సర్వజ్ఞం అని పేరు పెట్టుకుంది. పైకి మాత్రం అన్నయ్యగారూ అనే పిలుస్తుంది.

"గాలి వచ్చీ వచ్చీ వెనక తలుపుని గుద్దుతోందిరా బామ్మర్దీ" అన్నాడట సర్వజ్ఞం. "నువ్వు డీజిలు పోసి గోడని ఈడ్చుకుపోతున్నావు. ఆ గోడ పీకెయ్. బండి పిట్టైపోతుంది."

మొగుడు పీకేశాడు. రోజూ గోదాము నుంచి పెయింటు డబ్బాలు బండి వెనక తొట్టిలో ఎక్కించుకుని ఊరంతా తిరిగి దుకాణాల్లో దింపడం అతని పని. వెనక తలుపు లేకపోతే డబ్బాలు జారతాయి కాబట్టి వాటికి అడ్డంగా తాడు కట్టేవాడు. ఇంట్లో తలుపు పాప మీద పడకుండా కిటికీ చువ్వకి కట్టిందీ ఆ తాడే. పొద్దున్నే లేచి తలుపుకున్న తాడు విప్పి డబ్బాలకి కట్టుకుపోతాడు. సాయంత్రం డబ్బాలకున్నది విప్పి తెచ్చి తలుపుకి కడతాడు. అంటే పాప ఉయ్యాల్లో నిద్రపోయే వేళ తలుపు కట్టేసి ఉంటుంది, పాప ఇల్లంతా పాకే వేళ ఊరికే నిలబడి ఉంటుంది.

"ఇంకో తాడు తెచ్చి పడేయొచ్చు కదా" అని చిన్ని నెత్తీ నోరూ కొట్టుకుంది.

"రేపు తెస్తాలే" అన్నాడు. రేపు అన్నది ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ కనపడలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం జరగాల్సింది జరిగింది. చిన్ని వంటసందులో జావ కలుపుతోంది. గదిలో ఏదో గీరుకున్న చప్పుడైంది. వచ్చి చూస్తే పాప రెండు చేతులతో పిడి పట్టుకుని వేలాడుతూ లేచి నిలబడింది. పుట్టాక నిలబడడం అదే మొదటిసారి. ఇంకో తల్లయితే చప్పట్లు కొట్టేది. చిన్నికి మాత్రం తలుపు కింది అంచు నేల మీద ఇవతలికి జరగడమే కనబడింది. ఒక్క అంగలో వెళ్లి భుజం అడ్డం పెట్టి, కాలితో పిల్లని మంచం కిందికి తోసింది. తలుపు పాప మీద పడలేదు. చిన్ని పాదం మీద దిగింది.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు వచ్చే ప్రశ్న తెలుసు. "పిల్లని ఒక్కదాన్ని వదిలి నువ్వేం చేస్తున్నావు?" అంటారు. తలుపుని ఎవరూ ఏమీ అనరు. అందుకని పాదానికి గుడ్డ చుట్టుకుని, మొగుడు అడిగితే మంచం కోడు తగిలిందని చెప్పి, అప్పట్నుంచి పాపని చంకన వేసుకునే వండింది, ఉతికింది, ఊడ్చింది. రెండు రోజులకి నడుము చెక్కలా బిగుసుకుంది.

పదకొండో రోజు సాయంత్రం మొగుడు నవ్వుకుంటూ వచ్చాడు. "చూశావా? లీటరుకి పన్నెండు కిలోమీటర్లు వచ్చే బండి పద్నాలుగు ఇస్తోంది. బావంటే ఏమనుకున్నావ్?"

చిన్ని గడియారం చూసింది. ఏడున్నర. తలుపు బండికి ఉన్న రోజుల్లో ఈయన వచ్చేసరికి పాప సాయంత్రం కునుకు తీసి అప్పుడే లేస్తుండేది. ఇప్పుడు తినేసి, సగం మెడకి పూసుకుని, స్నానం చేసి, మళ్లీ ఆవలిస్తోంది.

"ఈమధ్య దుకాణాలేమైనా దూరం జరిగాయా?" అంది.

"అదేం ప్రశ్న?"

"అవే దుకాణాలు, అవే డబ్బాలు. బండేమో పిట్టైపోయింది. మరి ఆరింటికి వాలాల్సిన పిట్ట ఏడున్నరకెందుకు వాలుతోంది?"

"డబ్బాలు జారతాయని కాస్త నెమ్మదిగా..." అని మధ్యలో ఆగిపోయాడు.

చిన్ని పాపని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. "నెమ్మదిగా పోతే ఏ బండైనా తక్కువే తాగుతుంది కదండీ."

"నెమ్మది వేరు, గాలి వేరు. బడి మధ్యలో మానేసినదానివి, నీకెందుకీ గొడవ?"

"బడి మానేస్తే గడియారం చూడ్డం మర్చిపోతారా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నవాడితో వాదించి లాభం లేదు, నాలుగో కాలు చేతికందించాలి. చిన్ని అదే చేసింది. "రేపు ఆదివారం, బండి ఖాళీయే కదా. బంకులో ట్యాంకు నిండా కొట్టించండి. గోదాము దాకా వెళ్లి రండి. మళ్లీ అదే బంకులో నింపితే ఎంత తాగిందో తెలుస్తుంది. ఒకసారి తలుపు లేకుండా, ఒకసారి తలుపుతో. రెండుసార్లూ ఒకటే వేగం. ముల్లు నేను చూస్తాను."

"నేను గెలిస్తే తలుపు మాట మళ్లీ ఎత్తకూడదు."

"ఎత్తను. ఓడితే ఇవాళ పెడతా, రేపు పెడతా అనకూడదు."

ఆదివారం సర్వజ్ఞం కూడా బంకుకి వచ్చాడు. మొదటి విడతలో తలుపుని ఎక్కడో ఒకచోట ఉంచాలి గనక, బంకు నీడలో దాన్ని నిలబెట్టి పట్టుకునే పని ఆయన మీద పడింది. తన సిద్ధాంతానికి తనే కాపలా.

"అమ్మాయ్, గాలితో పందెం ఎందుకమ్మా?" అన్నాడు.

"గాలితో ఏ పేచీ లేదు అన్నయ్యగారూ" అంది చిన్ని.

డీజిలు నింపి, గొట్టం టక్కుమని ఆగిపోగానే బయల్దేరారు. పాప ఒళ్లో ఉంది. మొగుడు అలవాటు కొద్దీ నలభైకి దిగబోతే చిన్ని ముల్లు మీద వేలు పెట్టింది. "అరవై. జారడానికి ఇవాళ డబ్బాల్లేవు." వెళ్లడం ముప్పై, రావడం ముప్పై కిలోమీటర్లు. తిరిగొచ్చి నింపితే నాలుగు లీటర్ల ఏడు వందల మిల్లీలీటర్లు పట్టింది.

రెండో విడతకి మొగుడూ బావా కలిసి తలుపుని ఎత్తి బండికి బిగించారు. ఇనుము దాని చోట అది కూర్చున్న చప్పుడికే చిన్నికి సగం ప్రాణం లేచొచ్చింది. మళ్లీ అదే రోడ్డు, అదే అరవై. ఈసారి పాప వెనక అద్దంలోంచి తొట్టిలోకి చూస్తూ కిలకిలా నవ్వుతోంది. ఏముందా అని చిన్నీ తిరిగి చూసింది. తొట్టిలో ఒక బిస్కెట్ కాగితం ఎగురుతోంది. వెనక తలుపుకేసి కొట్టుకోవడం లేదు, బయటికీ పోవడం లేదు. గుండ్రంగా తిరుగుతూ వీళ్ల అద్దం వైపే వస్తోంది, మళ్లీ వెనక్కి పోతోంది.

"ఏమండీ, చూడండి. గాలి తలుపుని గుద్దుతోందన్నారుగా. మరి కాగితం ఇటెందుకొస్తోంది?"

అతను అద్దంలో చూశాడు. మళ్లీ చూశాడు. "గాలి లోపలే సుడి తిరుగుతోంది" అన్నాడు చివరికి. "పైనుంచొచ్చే గాలి ఆ సుడి మీదుగా పోతోంది కాబోలు."

"కాబోలు" అంది చిన్ని.

బంకులో నింపితే నాలుగు లీటర్ల ఆరు వందలు పట్టింది. నలభై కిలోలు ఎక్కువ మోసి కూడా, ఒక పాలగ్లాసంత తక్కువే తాగింది.

"ఆ గ్లాసుడు తేడా చూపించి నేనేం గొప్పలు పోను. ఎదురుగాలి తగ్గిందేమో" అంది చిన్ని. "తలుపు తీసేస్తే డీజిలు మిగిలేదేం లేదు. నాకది చాలు."

సర్వజ్ఞం గడ్డం గీరుకున్నాడు. "అలా అయితే అసలు దోషం తలుపుది కాదురా బామ్మర్దీ. కింద వేలాడే అదనపు చక్రం ఉందే, దాన్ని తీసేస్తే..."

"మీ కొట్లో పెట్టుకోండి అన్నయ్యగారూ" అంది చిన్ని, ఆయన మాట పూర్తి కాకుండానే.

"మా కొట్లో చోటెక్కడిదమ్మా?"

"మా ఇంట్లో ఉందనిపించిందా?"

ఆయన ఎవరో పిలిచినట్టు అటు తిరిగి కొట్టుకి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక మొగుడు ఖాళీ అయిన గోడ దగ్గర నిలబడ్డాడు. నేల మీద తుప్పు గీత ఒకటి, దానికి బెత్తెడు ఇవతల గచ్చు చెక్కుకుపోయిన గుంట ఒకటి. వంగి ఆ గుంటని వేలితో తడిమాడు. చిన్ని పాదానికున్న గుడ్డ వైపు చూశాడు. మంచం కోడు అన్నావే అన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు.

"ఎప్పుడు?"

"మొన్న గురువారం. పాప నిలబడింది. పిడి పట్టుకుని."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఏమనేవారు?"

ఏమనేవాడో అతనికీ తెలుసు. తల గోక్కుని, పానా పట్టుకుని బయటికి నడిచాడు. తలుపు మరలన్నీ మళ్లీ బిగిస్తున్న చప్పుడు చాలాసేపు వినబడింది. అప్పటికే బిగించినవే. చిన్ని మూడు రోజుల తర్వాత మొదటిసారి పాపని నేల మీద దింపింది. అది తిన్నగా ఆ గోడ దగ్గరికే పాకి, పిడి ఉండాల్సిన చోట తడిమి, లేదని రాగం అందుకుంది.

"ఏడువమ్మా, ఏడు" అంది చిన్ని. ఆ ఏడుపు ఆమె చెవికి హాయిగానే ఉంది.

మొగుడు గుమ్మంలోంచి తల పెట్టాడు. "నా తాడు ఎక్కడుందే?"

"పెరట్లో. దాని మీద పాప గుడ్డలు ఆరేశాను."

"రేపు డబ్బాలకి..."

"డబ్బాలకి తలుపుంది కదండీ" అంది చిన్ని.