షాకు కొట్టని మేస్త్రి

నిచ్చెన మీంచి పడి నడుము నరం దెబ్బతిన్నప్పటి నుంచి కరెంటు మేస్త్రికి మూత్రం తనంతట తాను రావడం మానేసింది. గొట్టం పెట్టించుకుని, దాని సంచీ పట్టుకుని తిరిగే బతుకైంది. ఎవరో చెబితే ఆఖరికి సూదుల డాక్టరమ్మ దగ్గరికి వచ్చి బోర్లా పడుకున్నాడు. ఆవిడ నడుము కింద సూదులు గుచ్చి, వాటికి తీగలు తగిలించి, చిన్న పెట్టె మీద మీట తిప్పింది.

"జివ్వుమంటే చెప్పండి."

జివ్వుమంది. కానీ షాకు కొట్టిందని ఒప్పుకోవడం మేస్త్రి పుట్టి బుద్ధెరిగాక లేదు. వాళ్ల పనిలో అలా అరిచేది నిన్న మొన్న చేరినవాళ్లే.

"ఇదీ ఒక కరెంటేనా డాక్టరమ్మా? దీనికన్నా టార్చిలైటు నయం" అన్నాడు పళ్లు బిగబట్టి.

ఆవిడ ఇంకాస్త తిప్పింది. మేస్త్రి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అబ్బే, ఏమీ లేదండీ."

డాక్టరమ్మ మొహం వాడిపోయింది. మీట కట్టేసింది. "ఇంత పెట్టినా తెలియలేదంటే కష్టమే. ఇక గొట్టంతోనే సర్దుకోవాలేమో."

గోడవారన నిలబడ్డ పెళ్లాం ఊరుకోలేదు. "మీ పిడికిట్లో దుప్పటి నలిగిపోతుంటే నేను చూడలేదనుకున్నారా? అంత పరువే కావాలంటే ఆ సంచీ మెళ్లో వేసుకుని ఊరేగండి!"

మేస్త్రి పిడికిలి వదిలాడు. "మళ్లీ పెట్టండి" అన్నాడు నీరసంగా.

పెట్టింది.

"కొట్టింది తల్లో! కొట్టిందండీ, షాకు కొట్టింది!"

బయట బల్ల మీద కూర్చున్న ఇద్దరు రోగులు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. డాక్టరమ్మ మాత్రం నవ్వేసింది. "నరం బతికే ఉంది. ఆశ ఉంది, రేపు కూడా రండి."

మేస్త్రి తలగడలో మొహం దాచుకుని, "నేనరిచిన సంగతి మా కరెంటు వాళ్లెవరికీ చెప్పకే" అని పెళ్లాన్ని బతిమాలుకున్నాడు.