సగంలో ఆగిన పాఠం

బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నాడు మాస్టారు. ఎడమవైపు స్టోయిక్కులనే ప్రాచీన గ్రీకు తత్త్వవేత్తలు. కుడివైపు, వాళ్ళ తర్వాత ఎన్నో శతాబ్దాలకు పుట్టి, అద్దాలు సానబట్టి పొట్టపోసుకున్న తత్త్వవేత్త. ఏటా ఇదే పాఠం, ఇవే మాటలు. కోపం, కంగారు ఎరగని మనిషని పిల్లలు ఆయనకు రాయి మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల ముచ్చటే.

ఈ రోజు మాత్రం సుద్దముక్క మాటిమాటికీ విరుగుతోంది. తల్లిలా పెంచిన అక్కకు గుండె ఆపరేషన్. బతికి బయటపడటం కష్టమని డాక్టరు ముందే చెప్పేశాడు. పొద్దున్న ఆసుపత్రిలో అక్క తన కళ్ళజోడు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నీ మొహం చూస్తుంటే నాకు భయమేస్తోందిరా. మీ బావ ఉన్నారుగా. నువ్వెళ్ళి పాఠం చెప్పుకో."

బతుకు జీవుడా అనుకుంటూ వచ్చేశాడు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

"భయమంటే మనసు వేసుకున్న తప్పు అంచనా అన్నారు స్టోయిక్కులు. బుద్ధితో సరిదిద్దుకుంటే పోతుందన్నారు. కుడివైపున్న ఈయన ఒప్పుకోలేదు. ఉత్త బుద్ధికి భయం లొంగదు, దాన్ని నెట్టాలంటే అంతకంటే బలమైన మరో భావం కావాలన్నాడు."

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మీకెవరి మాట నిజమనిపిస్తుంది సార్?"

ఏటా ఎవరో ఒకరు అడిగేదే. పరీక్షలో రెండూ రాయమని నవ్వేసేవాడు. ఈసారి సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. పొద్దుట్నుంచీ మనసుకు నచ్చజెబుతూనే ఉన్నాడు, భయం పిసరంతైనా తగ్గలేదు. అక్కకు మాత్రం భయం లేదా? తమ్ముడు బిక్కచచ్చిపోవడం చూడలేక, తన భయాన్ని దిగమింగుకుని పంపేసింది.

"రెండో ఆయన మాటేనమ్మా. మిగతాది రేపు చెప్తాను."

ఇన్నేళ్ళలో పాఠం మధ్యలో ఆపిన పాపాన పోని మనిషి, గబగబా బయటపడ్డాడు. బస్సు నత్తనడక నడుస్తుంటే దిగి పరిగెత్తాడు. ఆయాసపడుతూ మెట్లెక్కేసరికి స్ట్రెచర్ ఇంకా థియేటర్ తలుపు బయటే ఉంది.

"పాఠం ఎగ్గొట్టావా?" అంది అక్క, అడుగుల చప్పుడు పోల్చుకుని.

"నీకు కళ్ళజోడు లేదుగా అక్కా. నా మొహం కనబడదులే."

అక్క నవ్వి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. పొద్దుట్నుంచీ పీడించిన భయం అప్పుడు పోయింది. కాసేపటికి ఆమెను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకున్నారు.

సాయంత్రం డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు. బావ బెంచీ మీద కూలబడ్డాడు. రాయి మాస్టారు అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు.

రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే కళ్ళజోడు కూడా వచ్చింది. అక్క ఎప్పుడూ అద్దాలు తుడుచుకోదని విసుక్కుంటూ రోజూ తనే తుడిచేవాడు. అలవాటుగా రుమాలు అద్దం దాకా తెచ్చి ఆగిపోయాడు. కుడి అద్దం మీద, పొద్దున్న తీసినప్పుడు పడిన అక్క బొటనవేలి ముద్ర అలాగే ఉంది.