మద్దమ్మ నమ్మిన మాట

ఆదివారం ఉదయం నన్ను ఎక్కించుకున్నాక కూడా నాగరాజు స్కూలు వ్యాను కదిలించలేదు. అద్దంలోంచి నన్ను చూసి, "మేడమ్, మా యక్కతో ఒక్క మాట మాట్లాడతారా?" అన్నాడు. ఇక్కడ కువైట్‌లో ఆదివారం బడి ఉంటుంది; పిల్లల్ని ఎక్కించుకోవడానికి ఇంకా పావుగంట ఉంది.

నాగరాజుది రాయచోటి దగ్గర పల్లె. అక్క మద్దమ్మ అక్కడే ఉంటుంది. బావ గంగులయ్య ఇక్కడ ఊరి బయట కబ్ద్‌లో ఒక తోటలో పని చేస్తాడు. బుధవారం ఆయన నీళ్ల ట్యాంకు నిచ్చెన మీంచి పడ్డాడు. దవడ విరిగింది. ఆపరేషన్ చేసి తీగలతో బిగించారు. నెల రోజులు నోరు తెరవలేడు. అంతకుమించి భయం లేదని డాక్టరు చెప్పాడు.

"మీ అక్కకు అదే చెప్పండి" అన్నాను.

"సెప్పినా మేడమ్. నమ్మల్యా. ఆయప్ప సచ్చిపోయినాడు, మీరంతా దాస్తాండారు అంటాది. నాలుగు దినాలుగా ముద్ద ముట్టల్యా. షుగరు మనిషి, మాత్రలు గూడా మింగడంల్యా. నిన్న కండ్లు తిరిగి పడిపోయిందంట."

"మొదట ఫోన్ చేసినప్పుడు ఏమన్నారు?"

అతను స్టీరింగు వైపు చూశాడు. "బావకు సీరియస్‌గా ఉండాది, గాబరా పడొద్దు అన్యా."

ఇక్కడి మనవాళ్లలో ఎవరూ చావు కబురును ఫోన్లో చావు అని చెప్పరు. సీరియస్ అంటారు. అవతలివాళ్లకు తెలిసిపోతుంది. తెలియనట్టే "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతారు. ఎనిమిది నెలల క్రితం షర్క్‌లోని మావారి ఆఫీసు నుంచి నాకు వచ్చిన మాట అదే. ఆ మధ్యాహ్నం విజయవాడలో ఉన్న మా అత్తగారికి నేను చెప్పిన మాట కూడా అదే. ఇరవై ఏళ్లుగా పిల్లలకు భాష చెబుతున్నాను. ఆ పూట నాకు వేరే మాట దొరకలేదు.

"ఫోటో పంపినా మేడమ్. అది చూసినాక ఇంకా ఏడుపు." నాగరాజు ఫోన్ అందించాడు. ముక్కు దాకా తెల్ల దుప్పటి, దవడ నుంచి తల మీదికి కట్టు, మూసిన కళ్లు. "వీడియో కాల్ చేద్దామని ఫోన్ ఎత్తితే సాలు, కండ్లు మూసుకుంటాడు. నొప్పి ఎక్కువేమో. మీరు టీచరు, మీరు సెప్తే నమ్ముతాది."

నెంబరు కలిపాడు.

నేను బాగానే చెప్పాననుకున్నాను. "మద్దమ్మగారూ, ధైర్యంగా ఉండండి. ప్రాణానికి భయం లేదు. డాక్టర్లు దగ్గరుండి చూసుకుంటున్నారు. మీ ఆయన ఎంతో మంచి మనిషనీ, ఎవరినీ పల్లెత్తు మాట అనడనీ తోటలో అందరూ చెప్పుకుంటున్నారు."

అవతల నుంచి పొడిబారిన గొంతు అంది: "బాగా సెప్పినావు తల్లీ. సదువుకున్న బిడ్డవు. శవాన్ని ఎప్పుడు పంపిస్తారో అది మాత్రం సెప్పు."

నాగరాజు ఫోన్ తీసుకుని ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే పెట్టేసింది.

నేను చేసిన తప్పేమిటో మూడో పీరియడ్‌లో, పిల్లలు కాపీ రాసుకుంటుండగా తెలిసింది. మావారు పోయాక మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఆయన మంచితనమే చెప్పారు. ఎంత శాంతమో అన్నారు. ఆయన పేపరు చదువుతూ నేను చెప్పేదానికి ఊ కొట్టి, ఐదు నిమిషాల తర్వాత "ఏమన్నావు?" అని అడిగే మనిషి. లిఫ్టు ఆలస్యమైతే దాని తలుపును తిట్టే మనిషి. ఆ సంగతులు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అన్ని మంచి మాటల మధ్య ఆయన నాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ పొద్దున మద్దమ్మతో నేనూ పరామర్శకు వచ్చిన మనిషిలాగే మాట్లాడాను.

బడి అయ్యి పిల్లల్ని దింపేశాక నాగరాజుతో, "మీ బావను చూద్దాం పదండి" అన్నాను.

వార్డులో మమ్మల్ని చూడగానే కేరళ నర్సు హిందీలో మొదలుపెట్టింది. ఈయన సెలైన్ సూది రెండుసార్లు పీకేశాడట. స్ట్రాతో జావ తాగమంటే కప్పు తోసేశాడట. ఇది ఆసుపత్రి అనుకుంటున్నాడా, మామగారి ఇల్లు అనుకుంటున్నాడా అని అడిగింది.

గంగులయ్య మెలకువగానే ఉన్నాడు. నాగరాజు జేబులోంచి ఫోన్ తీయగానే దుప్పటిని ముఖం మీదికి లాక్కున్నాడు.

"సూసినారా మేడమ్, ఇదే వరస."

"ఫోన్ లోపల పెట్టండి" అన్నాను.

కాసేపటికి దుప్పటి కిందికి జారింది. ఆయన చూపుడువేలు పైపెదవి మీద అటూ ఇటూ తిరిగింది. తర్వాత నర్సును చూపించి పిడికిలి బిగించాడు. ఆపరేషన్ కోసం మీసం తీసేశారని అప్పుడు అర్థమైంది. నాగరాజు జేబు వైపు చూపించి, వద్దన్నట్టు చేయి అడ్డంగా ఊపాడు.

"మద్దమ్మగారికి తెలియకూడదంటారా?"

అవునన్నట్టు కళ్లార్పాడు.

"దీనికా బావా!" నాగరాజు గొంతు వార్డంతా వినిపించింది. "మీసానికా నాలుగు దినాలుగా మా పానాలు తీస్తాండావు!"

"మీరు చెప్పొద్దన్నదే నేను చెప్పాలి" అన్నాను. "ఆమె అన్నం మానేసింది. మాత్రలు కూడా మానేసింది."

ఊపుతున్న చేయి ఆగిపోయింది. ఆయన పైకప్పు వైపు చూసి, చెప్పమన్నట్టు మెల్లగా చేయి కదిపాడు.

వరండాలోకి వచ్చాను. అల్లరి పిల్లల తల్లులకు ఫోన్ చేసేటప్పుడు నాకొక గొంతు ఉంటుంది. ఆ గొంతుతోనే మాట్లాడాను.

"మద్దమ్మగారూ, టీచర్ని. మీ ఆయన మీద ఫిర్యాదు చెయ్యడానికి ఫోన్ చేశాను."

"ఏందీ?"

"సూది రెండుసార్లు పీకేశాడు. జావ తోసేశాడు. నర్సమ్మ మొత్తుకుంటోంది. మీసం తీశారని అలిగి, ఫోన్ చూపిస్తే ముసుగేస్తున్నాడు. ఆ సంగతి మీకు చెప్పొద్దన్నాడు. నేను చెబుతున్నాను."



"మీసం తీసినారా?"

"తీశారు."

"ఆయప్ప ఊరకుండినాడా?"

"మత్తులో ఉండగా తీశారు. లేచిన దగ్గర్నుంచి నర్సుకు పిడికిలి చూపిస్తున్నాడు."

"వాళ్ల నాయన పోయినప్పుడు గూడా తీపిచ్చుకోల్యా. ఊరంతా కూసోని సెప్పినా తీపిచ్చుకోల్యా..." ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లలో సగం నాకు కొత్తవి. పక్కన ఎవరో ఏమైందని అడిగారు. "బతికే ఉండాడు వదినా! బతికుండబట్టే ఇట్ల సేస్తాండాడు! ఆ సంగటి ముద్ద ఇట్ల తే" అంది.

"మాత్రలు కూడా" అన్నాను.

"మింగుతా లే టీచరమ్మా. ముందు నే సెప్పేది ఆయప్పకు సెప్పు. ఒక్క మాట మార్చగూడదు."

చెప్పింది. నేను మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాను.

వార్డులోకి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. నాకంటే పెద్దవాళ్లను నువ్వు అని ఎరగను. గొంతు సవరించుకున్నాను.

"ఓ ముసలోడా," అన్నాను. "మీసం నెలకు మొలుస్తాది. నేను పోతే మొలుస్తానా? జావ తాగు. తాగల్యా అంటే నేనే కువైట్‌కొచ్చి నీకు గుండు గూడా కొట్టిస్తా."

నర్సుకు భాష తెలియదు, అయినా నవ్వింది. నాగరాజు గోడ వైపు తిరిగాడు. గంగులయ్య భుజాలు కదిలాయి. నవ్వు దవడను లాగినట్టుంది, చేత్తో కట్టు అదిమి పట్టుకున్నాడు. కళ్ల చివరల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి.

కాసేపటికి ఆయన నాగరాజు జేబు వైపు వేలు చూపించాడు. నాగరాజు నెంబరు కలుపుతుండగా ఒక అరచేత్తో పైపెదవి కప్పుకుని, కళ్లు పెద్దవి చేసి తెర వైపు చూస్తూ ఉండిపోయాడు.