గంజి పెట్టిన కాలరు

గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని, ఎవరిదో నల్లప్యాంటు అంచు మడుస్తూ, దేవకుమారి ప్రతి అయిదు నిమిషాలకూ తలెత్తి మూలనున్న కుట్టుబొమ్మ వైపు చూస్తోంది. తలా చేతులూ లేని ఆ బొమ్మ మెడ చుట్టూ తెల్లటి లేసు కాలరు పరిచి ఉంది. ఇంకా తడి ఆరలేదు. పళ్ళెమంత వెడల్పున్న కాలరు, అంచు పొడుగునా గులాబీలు, ఒక్కో రేకుకూ ఒక్కో సూది గుచ్చి ఉంది. నాలుగింటికల్లా ఆరకపోతే తన పని అయిపోయినట్టే.

జర్మనీలో జిండెల్ఫింగెన్ అనే ఊరి పాతబజారులో, రొట్టెల షాపు పక్కనున్న ఈ ఆల్టరేషన్ షాపులో ఆమె చేరి చాలా ఏళ్ళయింది. పొడుగువి పొట్టి చెయ్యడం, బిగుతువి వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం. ఎవరో కుట్టినదాన్ని ఇంకెవరికో సరిపోయేలా చెయ్యడమే ఉద్యోగం. బాగా చేస్తే అసలు చెయ్యి పడినట్టే తెలియకూడదు. చేత్తో పాటు మనిషి కూడా అలాగే తయారైంది. సన్నటి మనిషి, కాస్త ముందుకు వంగిన భుజాలు, దారంతో మెడకు కట్టుకున్న కళ్ళజోడు. కుడి చూపుడువేలి పక్కన చిన్నప్పటి లేసుసూది చేసిన కాయ ఇంకా గట్టిగా ఉంది. చర్చిలో ఆమె పాడుతోందో లేదో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తెలియదు.

భర్త కృపాల్ బ్లూకార్డు వీసా మీద కార్ల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ పనికి వచ్చాడు. మంచివాడే. కాకపోతే ఇంట్లో ఉన్నా చెవులకు ఆ హెడ్‌ఫోన్లు వదలవు. కూతురు లిండా తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తుంది, అదీ గదిలోకి వెళ్ళిపోతూ. ఇలాంటి ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి ఏం మాట్లాడుతుంది, ఎవరితో మాట్లాడుతుంది? మాట్లాడిందంతా ఈ షాపులోనే, రెండేళ్ళుగా పక్క మిషను దగ్గర కూర్చున్న యుస్రాతోనే. ఆ యుస్రా ఇవాళ వెళ్ళిపోతోంది.

యుస్రాది ట్యునీషియా. స్ఫాక్స్ అనే సముద్రపు ఊరు. స్టుట్‌గార్ట్‌లో ఇంజనీరింగు చదవడానికి వచ్చి, ఖర్చులకోసం ఇక్కడ పార్ట్‌టైముకు చేరింది. దేవకుమారిని 'ఖాల్తీ' అంటుంది. వాళ్ళ భాషలో అమ్మ తోబుట్టువని అర్థమట. మన పిన్నే కదా అనుకుని దేవకుమారి ఆ రోజంతా లోలోపల మురిసిపోయింది. ఇద్దరికీ వచ్చిన జర్మన్ అంతంతమాత్రం. ఎలాగో రెండేళ్ళు దాంతోనే నెట్టుకొచ్చారు.

యుస్రా చెప్పిందంతా యానిమే గురించే. చిన్నప్పుడు బడి వదలగానే వీధిలో పిల్లలందరూ టీవీ ముందు చేరేవారట. జపాను బొమ్మల కథలు అరబీ మాట్లాడేవి. అదీ ఇంట్లో మాట్లాడుకునే అరబీ కాదు, పాఠ్యపుస్తకంలోది. కర్రలతో కత్తియుద్ధం ఆడుకుంటూ పిల్లలు గ్రాంథికంలో తిట్టుకుంటుంటే వాళ్ళ నానమ్మ నవ్వలేక చచ్చేదట. అది విని, తమ ఊళ్ళో నాటకం వేసిన మర్నాడు చిన్నపిల్లలు రాజుల్లా మాట్లాడటం గుర్తొచ్చి, దేవకుమారి చాలా రోజుల తర్వాత పళ్ళు కనబడేలా నవ్వింది. హైస్కూలుకొచ్చాక యుస్రా నెట్ సెంటర్‌లో డిస్కులు కాపీ చేసుకుని బల్లల కింద మార్చుకుంది. తర్వాత ఓ వేసవిలో, ఊరి యువజనుల హాలు అడిగి పుచ్చుకుని, ఆ కథల్లో మనుషుల వేషాలు కట్టి గుప్పెడుమంది కలుసుకున్నారు. అట్టకత్తులు, అమ్మ కర్టెన్లతో కుట్టిన కోట్లు. పిల్లకు మతి పోయిందని వాళ్ళమ్మ ఏడ్చిందట.

“దానివల్ల ఏమొస్తుంది?” అని దేవకుమారి అడిగింది ఒకసారి. వెక్కిరింపుకు కాదు, నిజంగానే తెలియక.

“ఏమీ రాదు ఖాల్తీ,” అంది యుస్రా. “అప్పటిదాకా నేనొక్కదాన్నే పిచ్చిదాన్ననుకున్నాను. ఆ రోజు హాల్లోకి వెళ్తే అందరూ పిచ్చివాళ్ళే.”

ఆ మాట దేవకుమారికి సూటిగా తగిలింది. తనలాంటివాళ్ళే నిండిన హాలు ఎలా ఉంటుందో అని చాలాసేపు ఆలోచించింది. అలాంటి చోటికి ఎప్పుడైనా వెళ్ళానా అనుకుంటే ఒక్కటే గుర్తొచ్చింది. నరసాపురం దగ్గర తమ పల్లెలో, మధ్యాహ్నం అరుగుల మీద వరసగా కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళు. ఎప్పుడో దొరసానులు నేర్పిపోయిన పని అది. అల్లిన లేసు ఏజెంటు పట్టుకుపోయేవాడు. ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో, ఎవరి గౌనుకు కుట్టారో అల్లినవాళ్ళకు తెలియదు. అల్లినవాళ్ళెవరో కొన్నవాళ్ళకూ తెలియదు. రేకు వంకరపోయిందంటే మాత్రం ఏజెంటు మొహాన కొట్టేవాడు.

ఇప్పుడు యుస్రా ఊళ్ళో ఆ గుప్పెడుమంది హాళ్ళు పట్టనంతమంది అయ్యారట. అప్పుడు ఏడ్చిన తల్లులే ఇప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని టిక్కెట్ల వరసలో నిలబడుతున్నారట. వేషాలు కుట్టేవాళ్ళు చాలడం లేదు. యుస్రా స్నేహితురాళ్ళు ఇద్దరు స్ఫాక్స్‌లో ఓ గది అద్దెకు తీసుకుని మిషన్లు వేశారు, రమ్మని కబురు పెట్టారు. ఆ పిల్ల చదువు సగంలో వదిలేసి బయల్దేరింది. కారులో ఇటలీ దాకా, అక్కణ్ణుంచి ఓడ మీద ప్రయాణం. ఓడ దిగిన మర్నాడే, ఆదివారం, ట్యునిస్‌లో పెద్ద ప్రదర్శన. అక్కడ చూపించబోయేది కత్తిపట్టి రాణిని కాపాడే ఓ కావలిపిల్ల వేషం. నేలదాకా జీరాడే నీలంకోటు, దాని మీద తెల్ల కాలరు. ఆ కావలిపిల్ల కథ దేవకుమారికి ఇప్పటికీ సగమే అర్థమైంది గానీ ఆ కోటు కుట్లు మాత్రం కంఠతా వచ్చు.

కాలరుకు మొదట మిషను లేసు కొన్నారు. కథలో కావలిపిల్లకు వాళ్ళమ్మ చేత్తో అల్లి ఇచ్చిన కాలరు కదా, ఇది అలా లేదని యుస్రా మొహం ముడుచుకుంది. మర్నాడు దేవకుమారి దారపు ఉండ, సూది తెచ్చుకుంది. ఎన్నో ఏళ్ళుగా ముట్టని పని. చలికాలమంతా బస్సులోనూ వంటింట్లోనూ అల్లింది. యుస్రా అది చూసి, ఆశ్చర్యంతో తల మీద చేతులు పెట్టుకుని, అప్పుడు చెప్పింది అసలు సంగతి. వేషం స్టేజి ఎక్కినప్పుడు మైకులో కుట్టినవాళ్ళ పేర్లు చదువుతారట. పోటీలో ఉన్న ప్రతి ముక్కకూ, ఎవరు చేశారో, ఏ ఊరో.

“కాలరు: దేఫాకుమారీ, నర్సాపూర్,” అని యుస్రా సాధన చేసింది. దేవకుమారి సిగ్గుతో ఎర్రబడుతూనే దిద్దింది. వారం రోజులకు ఆ పిల్ల నోట 'వ', 'పురం' రెండూ సరిగ్గా పలికాయి. హాలు నిండా మనుషులు, మైకులో తన పేరు. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, గిన్నెలు కడుగుతూ ఆమె ఆ పేరు ఎన్నిసార్లు విందో ఆమెకే తెలుసు. పెళ్ళిలో తప్ప ఇంకెప్పుడూ తన పేరు మైకులో వినలేదు మరి.

అంతా నిన్న సాయంత్రమే సంచీలో సర్దేశారు. సర్దేటప్పుడే దేవకుమారి కంట పడింది, ఎడమవైపు గులాబీకి ఒక్క రేకు ముడుచుకుంటోంది. ఇంకెవరికీ కనబడదు. కానీ ఏజెంటు చేతిలో పెరిగిన కన్ను ఊరుకుంటుందా? పొద్దున్నే కుక్కర్ పక్కనపెట్టి గిన్నెలో అన్నం వార్చింది. కుక్కర్ పాడైందా అని కృపాల్ అడిగితే లేదండి, గంజి కావాలి అంది. అతను హెడ్‌ఫోన్లు సర్దుకుని తల ఊపాడు. షాపుకు రాగానే సంచీ విప్పి, కాలరు తీసి, పలచటి గంజిలో ముంచి, బొమ్మ మెడకు పరిచి సూదులు గుచ్చింది. యుస్రా గది తాళాలు అప్పగించడానికి వెళ్ళింది. నాలుగింటికి కారొస్తుంది. అప్పటికి ఆరిపోతుంది.

పదకొండు గంటలకు శ్రీవల్లి వచ్చింది. కరీంనగర్ పిల్ల, క్లాస్తాల్‌లో ఎమ్మెస్. మర్నాడే ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ, బ్లేజరు చేతులు పొట్టి చెయ్యాలి. ఇలాంటి పిల్లలు ఈమధ్య వారానికి ఒకరైనా వస్తున్నారు, వేళ్ళు దాటిన చేతులున్న కోట్లతో. కొలతలు తీస్తూ కుట్టుబొమ్మ మీద కాలరు ఎవరిదన్న మాట వస్తే, దేవకుమారి యుస్రా సంగతి చెప్పింది.

“మేమందరం ఈడికొచ్చెటందుకు తిప్పలు వడుతున్నం, ఆమె వాపస్ పోతున్నదా?” అంది శ్రీవల్లి. కాసేపు ఆ కాలరునే చూసి, గొంతు తగ్గించి, “మంచిగున్నది ఆంటీ. పోనీయుండ్రి. మనసున్నకాడికి పోతున్నది,” అంది.

మనసున్న చోటు. తన మనసు ఏ ఊళ్ళో ఉందో దేవకుమారికి సరిగ్గా తెలియదు. ఆ పూటకు మాత్రం అది ట్యునిస్‌లో ఉంది.

ఒంటిగంట దాటిందో లేదో తలుపు గంట మోగింది. యుస్రా పెట్టె ఈడ్చుకుంటూ, ఆయాసపడుతూ వచ్చింది. కారులో తనను తీసుకెళ్తున్న తమ దేశపు కుటుంబం ఇటలీ రేవులో ఓడకు ఆలస్యమవుతుందని భయపడి ముందే వచ్చేసింది. ఈ వీధిలోకి కార్లు రావు గనక సంతమైదానం అవతల ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నారు. జర్మనీ నంబరు కూడా నిన్ననే తీసేశారు ఖాల్తీ, ఇంటికెళ్ళి ఫోన్ చేస్తాను అంది. ఓనరమ్మ లోపల్నుంచి వచ్చి ఆ పిల్లను కావలించుకుంది.

దేవకుమారి చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నువ్వు పోతే ఈ మిషను పక్కన ఎవరు మాట్లాడతారే అని అడగాలనుకుంది. కోటు ఉన్న సంచీ తనే తెచ్చి, తన చేత్తోనే యుస్రా భుజానికి తగిలించింది. ఆ పిల్ల రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, “ఆదివారం. నీ పేరు. తప్పకుండా,” అంది. దేవకుమారి తల ఊపింది. కళ్ళజోడు మసకేసింది.

గుమ్మంలో నిలబడి చూసి, కళ్ళజోడు తుడుచుకుందామని లోపలికి తిరిగింది. ఎదురుగా బొమ్మ. బొమ్మ మెడలో కాలరు.

సూదులు పీకింది, వేలికి గుచ్చుకుంటే చూసుకోలేదు, కాలరు పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. యుస్రా ఇంకా కనిపిస్తూనే ఉంది. రొట్టెల షాపు దాటి, పెట్టె రాళ్ళ మీద టకటకలాడించుకుంటూ వెళ్తోంది. ఒక్క కేక చాలు. దేవకుమారి నోరు తెరిచింది.

కేక రాలేదు.

బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే మనిషే, శకునాలు నమ్మనని పాస్టరమ్మ ముందు చెప్పిన మనిషే. కానీ ఇది నమ్మకం కాదు, దెబ్బ. పదిహేడో ఏట ఏలూరులో నర్సింగు సీటు ఇంటర్వ్యూకు బయల్దేరితే, క్యారేజీ మర్చిపోయావే అని అమ్మ వెనక నుంచి పిలిచింది. పిలిచాక వెనక్కి రావాలి, కూర్చుని మంచినీళ్ళు తాగాలి, అప్పుడు కదలాలి. నీళ్ళు తాగి లేచేసరికి బస్సు వెళ్ళిపోయింది. సీటు ఇంకో పిల్లకు పోయింది. తనకు లేసుసూది మిగిలింది. అమ్మ ఆ తర్వాత ఎవర్నీ వెనక నుంచి పిలవలేదు. జర్మనీ వచ్చే రోజు విమానాశ్రయంలో లేసుసూదుల డబ్బా అమ్మ చేతిలోనే ఉండిపోయింది. చూసి కూడా పిలవలేదట. ఫోన్‌లో ఆ మాట చెప్తే, ఒక్క మాట పిలిస్తే నీ సొమ్మేం పోయేదమ్మా అని దేవకుమారి విసుక్కుంది. ఎంత తప్పు మాట అన్నానో అని ఈ రోజు, ఈ రాళ్ళవీధిలో నిలబడితే తెలిసింది. మనసున్న చోటికి పోతున్న పిల్ల. ఆ పిల్లను వెనక్కి లాగే గొంతు తనది కాకూడదు.

ఎదురుగా వెళ్తే తప్పు లేదు. రొట్టెల షాపు పక్క సందులోంచి చుట్టు తిరిగితే సంతమైదానం అవతలి రోడ్డు వస్తుంది. అంతే, చీర కట్టుకోకపోయినా కొంగు దోపుకున్నట్టు నడుము పట్టుకుని, దేవకుమారి పరుగెత్తింది. సైకిళ్ళు తప్పించుకుంది, ఓ ముసలాయన కుక్కను తప్పించుకుంది, రొప్పుతూ రోడ్డు మీద తేలింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా కారు వస్తోంది, నెత్తిన మూటలు కట్టిన తెల్లకారు. దేవకుమారి చెయ్యెత్తి కాలరు ఊపింది.

వెనకసీటు అద్దంలోంచి యుస్రా చూసింది. మొహమంతా వెలిగిపోయింది. ఖాల్తీ వీడ్కోలు చెప్పడానికి ఇంతదూరం పరుగెత్తుకొచ్చింది, తెల్లరుమాలు ఊపుతోంది అనుకుంది. అద్దం దించి రెండు చేతులూ బయటపెట్టి ఊపింది, ఏడుస్తూ, నవ్వుతూ. కారు ఆగకుండా దాటిపోయింది, దేవకుమారి దాని వెంట నాలుగడుగులు వేసింది. ఇప్పుడు ఆ పిల్లకు మళ్ళీ వెనకే ఉంది. నోరు మూసుకుంది. కాలరు మాత్రం కారు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది.

షాపుకు తిరిగొచ్చేసరికి ఓనరమ్మ, అందుకోగలిగావా అని అడిగింది. చూసింది, అంది దేవకుమారి. కాలరును మళ్ళీ బొమ్మ మెడకు పరిచి, చేతికొచ్చిన సూదులన్నీ తిరిగి గుచ్చింది. తర్వాత శ్రీవల్లి బ్లేజరు ముందేసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. మిషను కదిలాక, ఆ చప్పుడులో ఎవరికీ వినబడదని, ఒక్కసారి తనే పైకి అంది.

“కాలరు. దేవకుమారి, నరసాపురం.”

సాయంత్రం షట్టరు సగం దించి, దీపం ఆర్పబోతూ వెనక్కి చూసింది. బొమ్మ మెడలో గంజి బాగా ఆరింది, కాలరు అంచున ఒక్క రేకు కూడా వంకర లేదు.